ఆరో నంబరు సూది

అనంతపురం,
4 జూలై 2003

కదిరమ్మ గారికి,

తంగేడు అల్లికల కేంద్రం నుంచి వనజాక్షి నమస్కారాలు. ఇక్కడ అల్లిక బొమ్మల కొలతలు చూసే పని నాదే. శిక్షణ రోజుల్లో మూడో బెంచీలో కూర్చుని నేను చెప్పిన ప్రతి మాటకూ తల ఊపినావిడ మీరేనని గుర్తు.

మీరు పంపిన పది గొర్రెపిల్లలు అందాయి. పార్సెల్ మోసుకొచ్చిన మా అటెండరు హనుమంతప్ప, "ఏం మేడమ్, తాడిపత్రి నుంచి బండలు తెప్పిస్తాండారా?" అని అడిగాడు. ఒక గొర్రెపిల్లను తీసి బల్ల మీద పెడితే టక్కుమంది. లోపల దూది ఉన్న వస్తువు అలా చప్పుడు చేయకూడదు.

శిక్షణలో చెప్పిందే మళ్లీ చెబుతున్నాను. మేమిచ్చేది నాలుగు పోగుల ఊలు. దానికి మూడున్నర నంబరు క్రోషా సూది. ఊలు సన్నమై సూది లావైతే అల్లిక వదులై సందుల్లోంచి దూది బయటికి చూస్తుంది. ఊలు లావై సూది సన్నమైతే అల్లిక బిగిసి బొమ్మ కట్టెలా తయారవుతుంది. రెండూ ఒకదానికొకటి కుదిరితే గొర్రెపిల్ల ఆరంగుళాల ఎత్తు వస్తుంది, నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. మీవి తొమ్మిది అంగుళాలు ఉన్నాయి. నొక్కితే నా బొటనవేలు నొప్పి పుట్టింది.

అదే ఊలుతో, అదే సూదితో గుమ్మఘట్ట ఆడవాళ్లు చక్కగా అల్లుతున్నారు. అల్లేటప్పుడు మనసులో కోపం ఉంటే చెయ్యి బిగుస్తుందని ఎక్కడో చదివాను. మీకు ఎవరి మీదైనా కోపమా? ఉంటే దయచేసి అది చల్లారాక అల్లండి.

ఇట్లు,
వనజాక్షి

తా.క. పదింటిలో ఒకదాన్ని హనుమంతప్ప ఆఫీసు తలుపుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆషాఢం గాలికి కూడా తలుపు కదల్లేదు. దీన్ని మెచ్చుకోలుగా తీసుకోకండి.


దొడ్డిగుట్టపల్లి, ముదిగుబ్బ మండలం,
11 జూలై 2003

మేడం గారికి కదిరమ్మ దండాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం, వానకే జాడ లేదు.

ఉత్తరమంటే పుస్తకంలో మాదిరి ఉండాలని ఐదో తరగతిలో మా అయ్యవారు బెత్తం పట్టుకుని నేర్పించాడు. అందుకే ఇట్లా రాస్తున్నాను. ఎదురుగా ఉంటే నా మాట వేరే.

కోపం ఎవరి మీదని అడిగారు. నిరుడు ఎండాకాలం మా అరవై రెండు గొర్రెలను ఎక్కించుకుపోయిన లారీ మీద ఉంది. ఆ లారీని పిలిపించుకున్నది మేమే. మేత లేదు, నీళ్లు లేవు, కళ్ల ముందు చచ్చేకంటే ఎక్కడికైనా పోవడమే మేలనుకున్నాం. ఆనాటి నుంచి మా ఆయన ఎర్రిస్వామి ఖాళీ గొర్రెల దొడ్డి వైపు ముఖం పెట్టి మంచం మీద పడుకున్నాడు. ఏడాదిగా "ఊ", "ఊహూ" తప్ప మాట లేదు. మీ ఊలు ఇంటికొచ్చిన వారం నుంచే లేచి కూర్చుంటున్నాడు. కాబట్టి మేడం, ఈ పని నాకు కూలికి మించి అవసరం. తీసేయకండి.

బొమ్మలు గట్టిపడింది ఎండ వల్ల. ఇక్కడి ఎండకు గట్టిపడనిది లేదు. మమ్మల్ని చూస్తే మీకే తెలుస్తుంది.

మీరిచ్చిన నమూనా గొర్రెపిల్లను మా ఆయనకు చూపించాను. తిప్పి తిప్పి చూసి, "ఏమే, దీని తోక కుక్కది, చెవులు కుందేలువి. దీన్ని మందలో ఇడిస్తే గొర్రెలు నవ్వుతాయి" అన్నాడు. ఏడాదిలో ఆయన నోట వచ్చిన మొదటి పొడుగు మాట అది. మీ నమూనాకు పసుపు కుంకుమ పెట్టి గూట్లో పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ దగ్గర అల్లిక పని చేసే
కదిరమ్మ

తా.క. తలుపుకు పెట్టిన గొర్రెపిల్లకు ఎండ తగలనివ్వకండి. ఇంకా గట్టిపడుతుంది.


అనంతపురం,
24 జూలై 2003

కదిరమ్మ గారికి,

నమస్కారాలు. మీ ఇంటి సంగతి చదివి బాధ కలిగింది. అయినా బాధ వేరు, కొలత వేరు.

మీ ఎండ సంగతి మా డైరెక్టర్ గారికి చెప్పాను. అనంతపురంలో ఉన్నది మంచు కాదు కదా అన్నారు. అందుకని నిన్న ఒక గొర్రెపిల్లను కోసి చూశాను. కత్తెర రెండుసార్లు మొరాయించింది. దారం విప్పి చూస్తే ఎనిమిది పోగులు! మేమిచ్చింది నాలుగు. తొందరగా తెమిలిపోవాలని మీరు రెండు దారాలు కలిపి అల్లేస్తున్నారన్నమాట. లావు దారంతో పని సగం రోజుల్లో అయిపోతుందని నాకూ తెలుసు. ఈ వయసులో సోమరితనం ఏమిటండీ?

మీ అలవాటు ఒక్కసారిగా మారదు కాబట్టి, ప్రస్తుతానికి లావు దారానికి తగ్గ ఆరో నంబరు సూది పంపుతున్నాను. కాలిని బట్టి చెప్పు, ఊలును బట్టి సూది. ఇది మా దగ్గర ఒక్కటే ఉంది. స్టోరు చూసే గంగప్ప గారు సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చారు. పని కాగానే తిరిగి పంపండి.

ఇట్లు,
వనజాక్షి

తా.క. మన నమూనా తోక సంగతి. అది నేను అల్లిన తోక. ఇంతవరకూ ఎవరూ కుక్కది అనలేదు.


దొడ్డిగుట్టపల్లి,
13 ఆగస్టు 2003

మేడం గారికి కదిరమ్మ దండాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మబ్బు వచ్చింది, చూసింది, పోయింది.

నన్ను సోమరి అన్నారు. నలభై ఏళ్లు మంద వెనక నడిచినదాన్ని. గొర్రె ఈనేటప్పుడు దాని పక్కన రెండు రోజులు కూర్చుని, మూడో రోజు శనక్కాయ పీకడానికి పోయినదాన్ని. ఆ మాటను మీ దగ్గరే పెట్టుకోండి.

ఆరో నంబరు సూది అందింది. దాంతో అల్లితే గొర్రెపిల్లలు పదిహేను అంగుళాలు వచ్చాయి. గట్టితనం మాత్రం తగ్గలేదు. ఎందుకో చెప్పలేను. అట్టపెట్టెలో పట్టక గోనెసంచిలో కుట్టి పంపుతున్నాను. ఈసారి కాస్త సన్న ఊలు పంపి చూడండి.

ఇట్లు,
సోమరి కాని
కదిరమ్మ

తా.క. ఆరో నంబరు సూదిని మా ఆయన వీపు గోక్కోవడానికి తీసుకున్నాడు. కొన దగ్గరి కొక్కెం సరిగ్గా చెయ్యి అందని చోట అందుతోందట. "మేడమ్మకు రాయి, సూది శానా బాగుండాదని" అన్నాడు. రాశాను. తిరిగి పంపడానికి కొన్నాళ్లు పడుతుంది.


అనంతపురం,
29 ఆగస్టు 2003

కదిరమ్మ గారికి,

నమస్కారాలు. మీ గోనెసంచి దిగింది. ఈసారి కోసి చూస్తే పన్నెండు పోగులు. సూది పెంచితే మీరు దారం పెంచారు. ఇద్దరం పందెం వేసుకున్నట్టుంది. డైరెక్టర్ గారు మీ పేరు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. మీ బదులు ఆ పని తాడిపత్రిలో ఇంకొకరికి ఇవ్వమంటున్నారు.

మీరు అడిగిన సన్న ఊలు, రెండు పోగులది, పంపుతున్నాను. దీనికి రెండున్నర నంబరు సూది. ఇదే ఆఖరి అవకాశం. మీరు దారాలు ఎందుకు కలుపుతున్నారో నిజం రాయండి. నిజం ఎంత వింతదైనా ఎండ సంగతి కంటే నమ్మగలను.

ఇట్లు,
వనజాక్షి

తా.క. మీ పెద్ద గొర్రెపిల్లల్లో రెంటిని హనుమంతప్ప డైరెక్టర్ గారికి చూపించాలని చంకన పెట్టుకుని బస్సెక్కితే, కండక్టరు అర టికెట్ అడిగాడట.


దొడ్డిగుట్టపల్లి,
15 సెప్టెంబర్ 2003

మేడం గారికి కదిరమ్మ దండాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఇది చదివాక నా పని ఉంటుందో ఊడుతుందో తెలియదు, అయినా నిజమే రాస్తాను.

దారాలు కలిపేది నేను కాదు. మా ఆయన.

మా మగవాళ్లు మంద వెంట నడుస్తూనే కదురు తిప్పి ఉన్ని వడుకుతారు. మా ఆయన పన్నెండేళ్ల వయసు నుంచి అరవై దాటేదాకా ఆ చెయ్యి ఆపలేదు. మాట్లాడుతూ తిప్పేవాడు, తిడుతూ తిప్పేవాడు, పెళ్లిచూపుల్లో నన్ను చూసింది కూడా కదురు తిప్పుతూనే. మంద పోయాక ఉన్ని లేదు. కదురును అటక మీద పడేసి పడుకున్నాడు.

మీ ఊలు వచ్చిన వారం ఒకరోజు నేను నీళ్ల ట్యాంకరు దగ్గరికి పోయి వచ్చేసరికి ఆయన దొడ్డి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మీ ఉండలు రెండింటిని కలిపి కదురు మీద పురి వేస్తున్నాడు. "ఇదేం దారమే, గాలికి తెగేట్టుండాది. దీంతో చేసిన గొర్రె ముదిగుబ్బ దాకా గూడా నడవదు. రెండు కలిపినాను, ఇప్పుడు సూడు" అన్నాడు. ఆ చెయ్యి కదిలి ఏడాదయింది మేడం. నేను ఏమనగలను?

మీరు లావు సూది పంపితే, "సూది లావు, దారం సన్నం. రెండూ సరిపోవద్దా?" అని మూడు కలిపాడు. సన్న ఊలు పంపితే, "పాపం, మేడమ్మ కాడ గూడా కరువే" అని ఆరు కలుపుతున్నాడు. సూదీ దారం కుదరాలనే మీరూ అంటారు, ఆయనా అంటాడు. మధ్యలో అల్లేదాన్ని నేను.

ఒకరోజు మనసు రాయి చేసుకుని కదురు దాచాను. అడగలేదు, వెతకలేదు. అన్నం తినకుండా పోయి దొడ్డి వైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు నేనే తీసి చేతిలో పెట్టాను. ఇంకోసారి అట్లా పడుకుంటే లేవడని నా భయం. పని మీరు తాడిపత్రికి ఇచ్చినా తప్పు పట్టను. కదురు మాత్రం ఆయన చేతిలో నుంచి తీయలేను.

ఇట్లు,
కదిరమ్మ

తా.క. మీ నమూనా తోకను ఆయనే విప్పి సరిచేశాడు. ఇప్పుడది గొర్రె తోక. కోప్పడకండి.


అనంతపురం,
23 సెప్టెంబర్ 2003

కదిరమ్మక్కకు,

మీ ఉత్తరం చదివి కొలత టేపు పక్కన పెట్టేశాను. సోమరి అన్నందుకు సిగ్గుపడుతున్నాను, మన్నించండి. మా నాన్న రిటైరయ్యాక ఏడాది పాటు రోజూ తొమ్మిదిన్నరకు టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. ఎందుకు నవ్వామా అని ఇప్పుడు అనిపిస్తోంది.

పని ఎక్కడికీ పోదు. డైరెక్టర్ గారితో మాట్లాడాను, కొంచెం గట్టిగానే. ఎర్రిస్వామి గారు పురి వేసిన దారంతో, ఆరో నంబరు సూదితో మీరు పెద్ద గొర్రెలనే అల్లండి. వాటిని వేరే రకంగా బెంగళూరులో ఒక కొట్టుకు పంపి చూస్తాను. ఆయనకు కావలసినంత ఊలు ఈ పార్సెల్లో ఉంది, కదురు ఆపవద్దని చెప్పండి. మామూలు గొర్రెపిల్లలకు మాత్రం ఇరవై ఉండలు వేరే సంచిలో పెట్టాను. వాటిని ఆయన కంట పడకుండా దాచండి.

నన్ను మేడం అనకండి, మీరు అని కూడా అనకండి. మీ చెల్లెలి వయసుదాన్ని.

ఇట్లు,
వనజాక్షి

తా.క. తోక సంగతిలో ఇద్దరినీ క్షమించాను. నమూనా ఒకసారి పంపండి, చూసి నేర్చుకుంటాను.


దొడ్డిగుట్టపల్లి,
14 అక్టోబర్ 2003

వనజాక్షమ్మకు కదిరమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఇంత క్షేమంగా ఉండి చాలా రోజులయింది.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. బెంగళూరు అనగానే లేచి దొడ్డి ఊడ్చాడు. ఎందుకని అడిగితే, "బెంగళూరు పోయే గొర్రెలు. ఈ పెంటలో నిలబెట్టి పంపుతామా?" అన్నాడు. ఇప్పుడు అల్లినవాటిని అల్లినట్టే దొడ్డిలో వరసగా నిలబెడుతున్నాడు. ఆరు అయ్యాయి. ఒకదాని చెవికి కత్తెరతో గాటు పెట్టాడు. మా మందలో అట్లాంటి చెవి ఒకటి ఉండేది. ఆరింటినీ నమూనాతో పాటు పంపుతున్నాను. బస్సు పైన వేస్తుంటే, "పైలం అప్పా, ఒకదాని మీద ఒకటి ఎక్కనీయొద్దు" అని కండక్టరుకు చెప్పాడు. అతను వింతగా చూశాడు. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చిన్నవి ఇంకా మొదలుపెట్టలేదు. ఇరవై ఉండలను కొర్రల బానలో దాచితే రెండో రోజే కనిపెట్టాడు. తప్పిపోయిన గొర్రెలను యాభై ఏళ్లు వెతికిన మనిషి. అటక మీద పెట్టాను, అక్కడా కనిపెట్టాడు. "ఈ బిడ్డలను ఎందుకే చీకట్లో పెడతావు?" అంటాడు.

ఇట్లు,
మీ అక్క
కదిరమ్మ

తా.క. ఆరో నంబరు సూది నాకు పగలు అల్లడానికి, ఆయనకు సాయంత్రం వీపుకు అని పంచుకున్నాం. పంచాయితీ లేదు. గంగప్ప గారిని ఇంకొన్నాళ్లు ఓపిక పట్టమను.


దొడ్డిగుట్టపల్లి,
20 నవంబర్ 2003

వనజాక్షమ్మకు,

ఇరవై గొర్రెపిల్లలను పంపుతున్నాను. నాలుగు పోగులు, మూడున్నర సూది. కొలత చూసుకో. ఇక్కడ నేను క్షేమం.

కదిరమ్మ


అనంతపురం,
2 డిసెంబర్ 2003

కదిరమ్మక్కకు,

అక్కా, శభాష్! ఇరవైకి ఇరవై! ఒక్కొక్కటీ ఆరంగుళాలు, వెంట్రుకవాసి తేడా లేదు. నొక్కితే మెత్తగా పోయి మెత్తగా పైకి వచ్చాయి. డైరెక్టర్ గారు మీ పేరు చుట్టూ ఉన్న ఎర్ర సున్నాను తన చేత్తోనే కొట్టేశారు. గుమ్మఘట్ట వాళ్లకు ఇక మీ బొమ్మలే నమూనా.

ఇంతకీ ఈసారి ఉండలు ఎక్కడ దాచారు? ఆయనకు దొరకని చోటు మీ ఇంట్లో ఏముంది? చీటీ మరీ రెండు ముక్కల్లో రాశారు, సంబరంలో రాయడానికి తీరిక లేదనుకున్నాను.

ఇంకో శుభవార్త. మీరు పంపిన ఆరు పెద్ద గొర్రెలు బెంగళూరు కొట్టులో నాలుగు రోజుల్లో అయిపోయాయి. పిల్లలు వాటి మీద ఎక్కి కూర్చుంటున్నారట. కింద పడ్డా, నీళ్లలో వేసినా ఏమీ కావడం లేదట. ఇంకా నలభై కావాలని రాశారు. ఎర్రిస్వామి గారి చేతి పురి దారంతోనే కావాలి, మామూలువి వద్దు. ఈ సంగతి ఆయనకు వెంటనే చదివి వినిపించండి. ఆయన ఏమన్నారో ఉన్నది ఉన్నట్టు నాకు రాయండి.

ఇట్లు,
మీ చెల్లెలు
వనజాక్షి

తా.క. ఆరో నంబరు సూది కోసం గంగప్ప గారు నా టేబులు దగ్గరే కుర్చీ వేసుకున్నారు. వీపుకు ఇంకేదైనా ఏర్పాటు చేసి, దాన్ని పంపించేయండి.


దొడ్డిగుట్టపల్లి,
11 డిసెంబర్ 2003

వనజాక్షమ్మకు,

నీ ఉత్తరాన్ని ఆయనకు చదివి వినిపించమన్నావు. దొడ్డి దగ్గర కూర్చుని గట్టిగానే చదివాను. వినేవాడు లేడు తల్లీ. కొలత కుదిరింది అందుకే.

దీపావళి అయిన మూడో రోజు పొద్దున నేను బిందెలు తీసుకుని ట్యాంకరు దగ్గరికి బయలుదేరాను. "నువ్వు వచ్చేలోపల ఈ ఉండ అయిపోతాది, పో" అన్నాడు. తిరిగి వచ్చేసరికి గోడకు ఆనుకునే ఉన్నాడు. కదురు ఒడిలో ఉంది, దారం తెగలేదు. కునుకు తీశాడనుకుని బిందెలు దించి, టీ పెట్టి పిలిచాను. టీ చల్లారేదాకా పిలుస్తూనే ఉన్నాను.

దినాలు అయ్యాక నీ ఊలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడా దాచలేదు. అందరికీ కనబడేట్టు వాకిట్లోనే పెట్టాను. నేను నీళ్లకు పోయి వచ్చినా నాలుగు పోగులు నాలుగు పోగులుగానే ఉన్నాయి. అల్లిన ప్రతిదాన్నీ టేపుతో కొలిచాను, ప్రతిదీ ఆరంగుళాలే వచ్చింది. ఒక్కటైనా తప్పొస్తే బాగుండునని ఇరవైసార్లు ఏడ్చాను. నువ్వు చూసి సంతోషిస్తావని తెలుసు. అందుకే చీటీలో ఇంకేమీ రాయడానికి చెయ్యి రాలేదు.

బెంగళూరు వాళ్లకు ఆ గొర్రెలు ఇక రావని చెప్పు. నాకు అల్లడం వచ్చు గానీ ఆ పురి రాదు. అయినా అవి పిల్లలను మోస్తున్నాయని విని గుండె కొంచెం తేలికైంది. ఆయన ఉంటే, "కదురు దాచిపెడితివే, సూడు, బెంగళూరు పోయింది" అని నన్నే అనేవాడు.

ఆరో నంబరు సూది తిరిగి పంపలేను. మాలో కాపరిని పూడ్చేటప్పుడు చేతికర్ర పక్కన పెడతారు. కర్రతో పాటు కదురు కూడా పెట్టాం. అప్పుడు చూశాను, సూది ఆయన నడుం దగ్గర పంచెలో దోపి ఉంది. గంగప్ప గారి సంతకం గుర్తొచ్చి తీయబోయాను. అక్కడ ఆయన వీపు ఎవరు గోకుతారని వదిలేశాను. తప్పయితే గంగప్ప గారిని మన్నించమను.

ఆయన ఆఖరున పురి వేసిన ఉండ ఒకటి నా దగ్గర ఉంది. పన్నెండు పోగులు. మూడున్నర సూదితో అల్లబోతే కొక్కెంలో దారం నిలవడం లేదు. బలవంతంగా లాగితే పురి విడిపోతోంది, అది నేను చూడలేను. ఊలును బట్టి సూది అని నువ్వే చెప్పావు. దీనికి ఆరో నంబరే కావాలి. ఎక్కడైనా వెతికి ఇంకొకటి పంపు తల్లీ. ఒకే ఒక్క గొర్రెపిల్లను అల్లుకుంటాను. దాన్ని కేంద్రానికి పంపను, దానికి కొలత అడగవద్దు. దొడ్డి ఖాళీగా ఉంది.

ఇట్లు,
మీ అక్క
కదిరమ్మ

తా.క. తలుపుకు అడ్డం పెట్టిన గొర్రెపిల్ల ఎండకు గట్టిపడిందని నీకు అబద్ధం రాశాను. అది ఆయన చేతి గట్టితనం. దాన్ని ఎవరూ కాలితో జరపకుండా చూడమని హనుమంతప్పకు చెప్పు.